మన ఊరి ప్రభుత్వోద్యోగికి సన్మానం చేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో మాదొక మామూలు ఊరు. మా గ్రంథాలయ కమిటీ తరఫున పదిహేనేళ్ళుగా ఉద్యోగులకు సన్మానాలు చేస్తున్నాం. ఇద్దరు హెడ్మాస్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక లైన్‌మన్, ఒక పోస్ట్‌మ్యాన్, ఒక కాలువ లస్కరు ఇప్పటికి మా వేదిక ఎక్కారు. సన్మాన పత్రం రాసే పని మొదటి నుంచీ నా నెత్తినే పడింది. పక్క ఊళ్ళవాళ్ళూ పూర్వ విద్యార్థుల సంఘాలవాళ్ళూ ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కొన్నిచోట్ల నిబంధన చెప్పాను, కొన్నిచోట్ల నా అభిప్రాయం చెప్పాను. ఏది ఏదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

జీతం తీసుకుని చేసిన పనికి సన్మానం ఎందుకండీ?

ప్రతి ఊళ్ళోనూ ఈ ప్రశ్న వేసేవాళ్ళు ఒకరుంటారు. మా ఊళ్ళో కూడా ఉన్నారు, ఆయన మా కమిటీ సభ్యుడే. ఆయనకు మా లస్కరు సంగతే జవాబుగా చెప్పాను.

లస్కరు అంటే కాలువ మీద తూములు, షట్టర్లు చూసుకునే మనిషి. పైనుంచి ఎంత నీరు వదలమంటే అంత వదలడం, గట్టు తెగితే కబురు చెప్పడం ఆయన డ్యూటీ. దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతుల వారీగా నీళ్ళిచ్చే రోజుల్లో ఎగువ రైతులు రాత్రిపూట ఇంజిన్లు దింపి తోడేస్తే శివారు పొలాలకు తడి అందదు. ఆయన రాత్రి పదింటికి సైకిల్ మీద బయల్దేరి గట్టు పొడవునా తిరిగేవాడు. ఇంజిన్ కనిపిస్తే కేసులంటూ గొడవ పెట్టుకునేవాడు కాదు. ఆ రైతు ఇంటికెళ్ళి తలుపు కొట్టి, 'శివారులో ఫలానావాళ్ళ చేను నెర్రెలిచ్చింది, రేపొద్దున్నదాకా ఆగు బాబూ' అని అడిగేవాడు. నిద్రలోంచి లేపి మరీ అడిగితే కాదనలేక చాలామంది ఆపేసేవాళ్ళు. ఈ తిరుగుడు ఆయన డ్యూటీ చార్టులో లేదు. జీతం చార్టులో ఉన్నదానికి ఇచ్చారు, మేము శాలువా మిగతాదానికి కప్పాం.

ఎవరిని ఎంచుకోవాలి?

మా కమిటీ ఎవరి పేరైనా పరిశీలించే ముందు ఒక్క మాటే అడుగుతుంది: ఈ మనిషి బదిలీ అయి వెళ్ళిన రోజున ఊళ్ళో ఎవరికి కష్టమనిపించింది? 'అందరికీ' అనే జవాబు పనికిరాదు. 'పడమటి వీధి బాలింతలకు', 'ఎస్సీ కాలనీలో పదో తరగతి పిల్లలకు' అని చెప్పగలిగితే ఆ పేరు నిలబడుతుంది.

పెద్ద హోదాలో ఉన్నవాళ్ళకు సన్మానాలు వాటంతటవే జరుగుతాయి. మీరు చేయకపోయినా ఎవరో చేస్తారు. అటెండరు, బిల్ కలెక్టరు, పంచాయతీ పారిశుధ్య కార్మికురాలు, పశువుల ఆసుపత్రి కాంపౌండరు లాంటివాళ్ళ పేర్లు ఎవరో ఒకరు పనిగట్టుకుని తేకపోతే రావు.

రిటైర్మెంట్ దాకా ఆగాలా?

ఆగనక్కర్లేదు. కాకపోతే సర్వీసులో ఉండగా చేస్తే నిబంధనలు అడ్డొస్తాయి, ఆ సంగతి తర్వాతి జవాబులో ఉంది. మా అనుభవంలో ఎక్కువ సన్మానాలు రిటైర్మెంట్ సందర్భంలోనే జరిగాయి. రాష్ట్ర ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్ళు, తెలంగాణలో 61, కేంద్ర ఉద్యోగులకు 60. ఆ వయసు నిండిన నెలలో ఆఖరి రోజు రిటైర్ అవుతారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళయితే ముందు నెల ఆఖరి రోజే దిగిపోవాలి.

దీనివల్ల జూన్ 30న పెద్ద తిరణాల జరుగుతుంది. వెనకటి రోజుల్లో పిల్లాణ్ణి బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండేది కాదు. మాస్టారు తనకు తోచిన సంవత్సరం వేసి, జూలై 1 అని రాసేసేవారు. ఆ పిల్లలంతా ఇప్పుడు ఒకే రోజు దిగిపోతున్నారు. ఫంక్షన్ హాలు కావాలంటే మార్చిలోనే అడగండి.

ప్రభుత్వోద్యోగికి బహిరంగ సన్మానం చేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అందుకే నేనే అడిగి నేనే జవాబు చెప్తున్నాను.

కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి ఉంది. దాని 14వ నియమం ప్రకారం, ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి తన గౌరవార్థం జరిగే సభకు వెళ్ళకూడదు, సన్మాన పత్రం పుచ్చుకోకూడదు. ఇంకో ఉద్యోగి గౌరవార్థం జరిగే సభకు వెళ్ళడం కూడా కుదరదు. మినహాయింపులు రెండున్నాయి. బదిలీ లేదా పదవీ విరమణ సందర్భంగా ప్రైవేటుగా, ఆడంబరం లేకుండా జరిగే వీడ్కోలు విందు ఒకటి. ప్రజాసంస్థలు తక్కువ ఖర్చుతో, సాదాసీదాగా ఏర్పాటు చేసే విందు రెండోది. ఉద్యోగం మానేసిన కొద్దికాలంలో జరిగే వీడ్కోలుకూ మొదటి మినహాయింపే వర్తిస్తుంది.

మన రెండు రాష్ట్రాల ఉద్యోగులకు వర్తించే ప్రవర్తనా నియమావళి కూడా 1964 నాటిదే, దాని ధోరణీ ఇదే. కాబట్టి సర్వీసులో ఉన్న మనిషికి గజమాలలు, ఓపెన్ టాప్ జీపులో ఊరేగింపు లాంటివి తలపెడితే మీరు ఆయన్ను గౌరవిస్తున్నట్టు కాదు, ఇరకాటంలో పెడుతున్నట్టు. గిట్టనివాళ్ళు ఒక ఫోటో తీసి పైకి పంపితే చాలు, సంజాయిషీ రాసుకోవాల్సింది ఆయనే.

మేమేం చేస్తామంటే, సర్వీసులో ఉన్నవారైతే ముందుగా వారి పై అధికారికి కమిటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాస్తాం. ఏ రోజు, ఎక్కడ, ఏమిస్తున్నాం అన్నీ అందులో ఉంటాయి. అనుమతి కాగితం చేతికొచ్చాకే కార్డులు అచ్చుకిస్తాం. రిటైరైన మర్నాడు చేస్తే ఈ చిక్కులు చాలావరకు ఉండవు. మా ఊళ్ళో ఒకటో తారీఖు సభలు అలా పుట్టుకొచ్చినవే.

కానుక ఎంతవరకు ఇవ్వొచ్చు? బంగారు ఉంగరం తొడగొచ్చా?

వద్దు. బంధుత్వం లేనివాళ్ళ నుంచి, వాళ్ళతో ఆఫీసు వ్యవహారాలేవీ లేకపోయినా సరే, కేంద్ర ఉద్యోగి అనుమతి లేకుండా తీసుకోగలిగే కానుక విలువకు పరిమితి ఉంది. 2019 సవరణ ప్రకారం గ్రూప్ ఏ, బీ వాళ్ళకు 5,000 రూపాయలు, గ్రూప్ సీ వాళ్ళకు 2,000. రాష్ట్ర ఉద్యోగి పరిమితి ఎంతో వారి ఆఫీసు సూపరింటెండెంటుకు తెలుస్తుంది, ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

అన్నిటికన్నా గమనించాల్సింది ఇచ్చేది ఎవరన్నది. ఆ ఆఫీసులో ఫైలు పెండింగ్‌లో ఉన్న కాంట్రాక్టరు ఉంగరం స్పాన్సర్ చేస్తానని ముందుకొస్తే దండం పెట్టి పంపించేయండి. మాకలా ఒకసారి వచ్చింది. ఆయన స్పాన్సర్‌షిప్ వద్దన్నందుకు సభకు కుర్చీలు కూడా పంపలేదు. చాపలు వేసుకుని కూర్చున్నాం.

చందాలు వసూలు చేయొచ్చా?

ఊళ్ళోవాళ్ళ దగ్గర ఇష్టపూర్వకంగా తీసుకోవచ్చు. ఉద్యోగుల దగ్గర మాత్రం జాగ్రత్త. పైన చెప్పిన కేంద్ర 14వ నియమం కింద ఉన్న గమనిక ఇంకా పదునుగా ఉంటుంది: వీడ్కోలు విందుకు చందా ఇవ్వమని ఏ ఉద్యోగి మీదా ఒత్తిడి తేకూడదు. పై అధికారి విందు కోసం క్లాస్ త్రీ, క్లాస్ ఫోర్ సిబ్బంది, అంటే కింది స్థాయివాళ్ళ దగ్గర చందా వసూలు చేయడం ఏకంగా నిషిద్ధం. అటెండరు దగ్గర వెయ్యి గుంజి ఆఫీసరుగారికి వెండి కంచం కొనే ఆనవాయితీ ఎక్కడైనా ఉంటే, అది ఈ గమనికకు నేరుగా విరుద్ధం.

సన్మాన పత్రం ఎలా రాయాలి?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఏమనుకోకండి.

నేను రాసిన మొదటి పత్రం మా ఏఎన్‌ఎం గారిది. రాత్రంతా కూర్చుని 'సేవా తత్పరురాలు, నిరాడంబర జీవి, మృదుభాషిణి, మానవతా మూర్తి' అని ముత్యాల్లాంటి మాటలు పేర్చాను. సభకు రెండ్రోజుల ముందు ఆవిడకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, 'బాగుంది బాబూ, ఇంతకీ ఇది ఎవరి గురించి?' అన్నారు. పక్కనే ఉన్న ఆశా కార్యకర్త కిసుక్కున నవ్వింది. 'మృదుభాషిణి' దగ్గర ఆ అమ్మాయికి నవ్వాగలేదట. నిజమే, ఆవిడ తిట్టని తల్లి మా ఊళ్ళో లేదు. టీకా తేదీ దాటించారో, వీధంతా వినబడేలా కడిగేసేవారు.

ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఆవిణ్ణి అడిగి రాశాను. బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున్నే పీహెచ్‌సీలో వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకులు సర్దుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో లంకరేవు దాకా, అక్కడి నుంచి పడవ. వరదలప్పుడు పడవ నడిపేవాడు రానంటే, 'నీ కూతురు మూడో డోసు కూడా అక్కడే ఉంది కదరా' అని ఎక్కించుకుపోయారు. కాన్పు తేదీలన్నీ ఒక పాత డైరీలో రాసుకునేవారు. కాగితం అంచు మడత పెట్టి ఉంటే రక్తహీనత ఉన్న గర్భిణి అని గుర్తు. ఇరవై రెండేళ్ళ డైరీలు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. రెండో పత్రంలో నేను రాసింది ఇదే. మెచ్చుకోలు మాట ఒక్కటి కూడా వేయలేదు. సభలో చదువుతుంటే ఆవిడ ముక్కు చీదుకున్నారు. 'మళ్ళీ తిట్టండమ్మా' అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అప్పటి నుంచి మాదొక పద్ధతి. పత్రంలోంచి ఆ మనిషి పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా చెల్లుబాటు అవుతుందేమో చూస్తాం. అయితే ఆ పత్రం దండగ. ఊరి పేరు, వీధి పేరు, ఏడాది, వస్తువు, ఆయన నోటి మాట, వీటిలో కనీసం మూడైనా ఉండాలి. ఒక పేజీ దాటకూడదు. చదివేది ఆ మనిషి గొంతు తెలిసినవాళ్ళయితే ఇంకా బాగుంటుంది. పద్యాలు రాసేవాళ్ళు ఊళ్ళో ఉంటే ఒక సీసం చివర్లో పెట్టుకోండి, మొదట్లో వద్దు.

వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ఎక్కడెక్కడ, ఏయే సంవత్సరాల్లో పనిచేశారో సర్వీస్ రిజిస్టర్‌లో ఉంటుంది. అది ఉద్యోగి అడిగితేనే చూపిస్తారు కాబట్టి ఆయన్నే అడిగి నాలుగు ముక్కలు రాయించుకోండి. మిగతాది రిజిస్టర్లో దొరకదు. టీ కొట్టు దగ్గర, రైతుబజారులో, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో దొరుకుతుంది. 'మాస్టారి గురించి మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి' అని అడగండి. 'చాలా మంచివారండీ' అన్నవాళ్ళను వదలకుండా ఇంకోసారి అడగండి. రెండోసారికి అసలు సంగతి బయటికొస్తుంది.

శాలువా, దండ, మెమెంటో తప్పనిసరా?

ఆనవాయితీ కాబట్టి ఒక దండ, ఒక శాలువా చాలు. జూన్ ఎండల్లో పాలిస్టర్ శాలువా మీద శాలువా కప్పుకుంటూ పోతే ఆ పెద్దాయన ఎంత ఉడికిపోతాడో ఆలోచించండి. మా హెడ్మాస్టారికి ఒక సాయంత్రం పదకొండు శాలువాలు వచ్చాయి. తర్వాత ఓ రోజు వాళ్ళింటికి వెళ్తే ఇస్త్రీ బల్ల మీద అడుగున పరుచుకుని కనిపించాయి. అప్పటి నుంచి మంగళగిరి, పొందూరు నేత కండువాలే ఇస్తున్నాం. కట్టుకోవడానికి పనికొస్తాయి, నేతవాళ్ళకు నాలుగు డబ్బులు.

ఫ్లెక్సీ మీద సన్మాన గ్రహీత ఫోటో కన్నా నాయకుల ఫోటోలు పెద్దవిగా ఉంటే ఆ ఫ్లెక్సీ కట్టకండి, అంతే.

వేదిక మీద ఎవరుండాలి?

దంపతులిద్దరినీ కూర్చోబెట్టడం మన పద్ధతి, మంచి పద్ధతి. అర్ధరాత్రి ఫోన్ మోగితే ముందు లేచింది ఇంట్లోవాళ్ళే. భర్త గానీ భార్య గానీ పోయినవాళ్ళయితే ఎవరు పక్కన కూర్చోవాలో ముందే అడగండి. మా లైన్‌మన్ తన హెల్పర్ని కూర్చోబెట్టుకున్నాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి విశాఖ పోయి, కూలిన స్తంభాలు ఎత్తే పనిలో రోజుల తరబడి ఉన్నారు. ఆ ఫోటోలో ఇద్దరూ ఒకే చొక్కా రంగులో ఉంటారు, కాకతాళీయంగా.

ఇక ఉపన్యాసాలు. పక్క మండలంలో ఒక సభకు వెళ్ళాను. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, నలభై నిమిషాలు తన సంగతులే చెప్పుకున్నారు. రిటైరైన అటెండరు గారికి మైకు ఇచ్చేసరికి జనరేటర్ ఆగిపోయింది. మేమైతే సన్మాన గ్రహీత చేతే మొదట మాట్లాడిస్తాం.

ఆగస్టు 15న కలెక్టర్ చేతుల మీదుగా ప్రశంసా పత్రం ఎలా వస్తుంది?

స్వాతంత్ర్య దినోత్సవం నాడు, గణతంత్ర దినోత్సవం నాడు జిల్లా కేంద్రంలోని పరేడ్ మైదానంలో ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసా పత్రాలు ఇస్తారు. పేర్లు శాఖాధిపతుల ద్వారా కలెక్టరేట్‌కు వెళ్తాయి. గ్రామస్థులు నేరుగా పేరు చేర్చే కాలమ్ లేదు గానీ, సంబంధిత మండల అధికారికి నెల ముందే కారణాలతో ఉత్తరం ఇవ్వకూడదనే నిబంధనా లేదు. మేమిచ్చాం, రెండోసారికి పనిచేసింది.

జాబితాలో జిల్లా ఆఫీసులో కూర్చునే సిబ్బంది ఎక్కువ, ఊళ్ళో తిరిగేవాళ్ళు తక్కువ అనిపిస్తుంటుంది నాకు. అధికారి కళ్ళముందు ఉండేవాళ్ళే ఆయనకు గుర్తొస్తారు, సహజమే. అందుకే ఉత్తరం రాయమంటున్నాను.

జాతీయ స్థాయిలో ఏమున్నాయి?

ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారం 1958 నుంచి ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి సెప్టెంబరు 5న రాష్ట్రపతి అందజేస్తారు. రాధాకృష్ణన్ 1931 నుంచి 36 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కూడా కదా, ఆ రోజున మనవాళ్ళ పేరు వింటే ఒకింత ఎక్కువ సంతోషం. పతకంతోపాటు 50,000 రూపాయలు, యోగ్యతాపత్రం ఇస్తారు. 2018 నుంచి టీచరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మొహమాటపడే మాస్టార్లకు ఇక్కడే తోడు కావాలి. ఫోటోలు, వీడియోలు సర్దిపెట్టడానికి ఒక పూర్వ విద్యార్థి పక్కన కూర్చుంటే చాలు.

నర్సులకు, ఏఎన్‌ఎంలకు, లేడీ హెల్త్ విజిటర్లకు జాతీయ ఫ్లారెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది, 1973లో పెట్టారు. పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి విశిష్ట సేవకు రాష్ట్రపతి పతకం, ప్రతిభావంతమైన సేవకు పతకం వేర్వేరుగా ఉన్నాయి. వీటిని ఆగస్టు 15కు, జనవరి 26కు ప్రకటిస్తారు. ప్రాణాలకు తెగించి మరొకరిని కాపాడినవారికి జీవన్ రక్షా పదక్ మూడు స్థాయిల్లో ఇస్తారు.

ప్రజాపాలనలో విశిష్టతకు ప్రధానమంత్రి పురస్కారం 2006లో మొదలైంది. ఏప్రిల్ 21న సివిల్ సర్వీసుల దినోత్సవం నాడు ఇస్తారు. 1947లో అదే తేదీన ఢిల్లీ మెట్‌కాఫ్ హౌస్‌లో సర్దార్ పటేల్ శిక్షణలో ఉన్న కొత్త అధికారులనుద్దేశించి మాట్లాడారు. ఈ పురస్కారంతో వచ్చే 20 లక్షల రూపాయలు అధికారి జేబులోకి వెళ్ళవు. జిల్లాకో సంస్థకో ఇస్తారు, ప్రజల పనికే ఖర్చుపెట్టాలి. ఈ పద్ధతి నాకు నచ్చింది.

పద్మ పురస్కారానికి పేరు పంపొచ్చా?

సర్వీసులో ఉన్న ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు అర్హులు కారు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రం మినహాయింపు. రిటైరయ్యాక అందరికీ దారి తెరుచుకుంటుంది. రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు, తన పేరు తానూ పంపుకోవచ్చు. సేవా వివరాలు 800 పదాల్లోపు రాయాలి. గడువు తేదీ ఏటా చూసుకోండి. 2026 పురస్కారాలకైతే 2025 మార్చి 15 నుంచి జులై 31 దాకా తీసుకున్నారు.

పద్మలు 1954 నుంచి ఉన్నాయి. ఏడాదికి మొత్తం 120 దాటకూడదని నియమం, మరణానంతరం ఇచ్చినవి, విదేశాల్లో ఉన్నవారికిచ్చినవి అందులో కలపరు. దేశం మొత్తానికి 120 అంటే ఆశ ఎంత పెట్టుకోవాలో మీరే లెక్కేసుకోండి. అయినా ఆ 800 పదాలు రాయడం వృథా పోదు, అదే కాగితం జిల్లా పురస్కారానికీ పనికొస్తుంది, సన్మాన పత్రానికీ పనికొస్తుంది.

ఒకవేళ వస్తే పేరు ముందు 'పద్మశ్రీ' అని పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆహ్వాన పత్రికల్లో మాత్రం ఈ తీర్పు ఇంకా అమల్లోకి రాలేదు.

సన్మానం వద్దంటే ఏం చేయాలి?

వద్దన్నందుకు ముందు నమస్కారం పెట్టండి. ఎస్.ఆర్. శంకరన్ గారిని గుర్తుచేసుకోండి. తంజావూరు వైపు నుంచి వచ్చి ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌లో చేరిన ఐఏఎస్. ఇక్కడ సాంఘిక సంక్షేమ శాఖ చూశారు, వెట్టిచాకిరీ విడుదల కోసం పనిచేశారు, త్రిపుర ప్రధాన కార్యదర్శిగా చేశారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. తర్వాతి కాలంలో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చల కోసం పాటుపడిందీ ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. జీతంలో, పింఛనులో ఎక్కువ భాగం పేద పిల్లల చదువులకు పోయేది. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరులో పోయినప్పుడు హైదరాబాద్‌లో ఆయన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళలో పాకీపని మానిపించే ఉద్యమంవాళ్ళు, దళిత సంఘాలవాళ్ళు ఉన్నారు.

మా పోస్ట్‌మ్యాన్ కూడా శాలువా వద్దన్నాడు. పోస్టాఫీసు ముందు ఒక బెంచీ వేయించమన్నాడు, పింఛను కోసం వచ్చే ముసలివాళ్ళు నిలబడలేకపోతున్నారట. సిమెంటు బెంచీ వేయించాం. దాని మీద ఆయన పేరు రాయించబోతే అదీ ఒప్పుకోలేదు.

ఆశా, అంగన్‌వాడీ, అవుట్‌సోర్సింగ్ వాళ్ళ సంగతి?

కాగితం మీద వీళ్ళు ప్రభుత్వోద్యోగులు కారు. ఆశాలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఇచ్చేది గౌరవ వేతనం అంటారు. దాంట్లో గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలందరినీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారంతో గౌరవించింది. వీళ్ళకు పెద్ద వీడ్కోలు సభలూ, పెద్ద పింఛన్లూ ఉండవు కాబట్టి ఊరు చేసే సన్మానమే ఒక్కటి. శాలువా బదులు ఊరంతా కలిసి పోస్టాఫీసులో వాళ్ళ పేరున డిపాజిట్ వేసిన ఊళ్ళు కూడా చూశాను.

చనిపోయినవారిని ఎలా గౌరవించాలి?

పోలీసులకు అక్టోబరు 21 ఉంది. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా బలగాల కాల్పుల్లో పది మంది పోలీసులు ప్రాణాలు కోల్పోయిన రోజు. అటవీ ఉద్యోగులకు సెప్టెంబరు 11.

అటవీ శాఖ అనగానే రాజమండ్రిలో పుట్టిన పి. శ్రీనివాస్ గుర్తొస్తారు. కర్ణాటక క్యాడర్ ఐఎఫ్ఎస్ అధికారి. వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలో మకాం పెట్టి, అక్కడి జనానికి వైద్యం అందేలా చూసి, ఊళ్ళో మారియమ్మన్ గుడి కట్టించారు. లొంగిపోతానని నమ్మించి పిలిచి 1991 నవంబరు 10న వీరప్పన్ ఆయన్ను చంపాడు. ప్రభుత్వం మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చింది. గోపీనాథం వాళ్ళు ఇప్పటికీ ఆయన్ను తలచుకుంటారు. చంపినవాడి ఊరే చనిపోయినవాణ్ణి తలచుకోవడం కంటే పెద్ద పతకం నాకు తెలియదు.

విగ్రహం పెట్టొచ్చా? వీధికి పేరు పెట్టొచ్చా?

రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి సెంటర్లో విగ్రహం ఆలోచన మానుకోండి. వీధి పేరైతే పంచాయతీ తీర్మానంతో మొదలవుతుంది.

మన జనం పద్ధతులు వేరే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తిచేసిన కాటన్ దొరను గోదావరి జిల్లాల పురోహితులు స్నాన సంకల్పంలో తలచుకుంటారు. సీమలో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా చేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పర్యటనకొచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. అక్కడి రైతులు కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ కంపెనీ ఉద్యోగులే, కంపెనీ మీద మన కోపం మనకుంది. అయినా నీళ్ళిచ్చిన చేతిని, శిస్తు తగ్గించమన్న నోటిని జనం విడిగా గుర్తుపెట్టుకున్నారు. పోయిన నెల మా ఊళ్ళో పుట్టిన ఒక పాపకు ఏఎన్‌ఎం గారి పేరు పెట్టారు. ఆవిడకు చెబితే, 'టీకాలన్నీ వేయించారా లేదా?' అన్నారట.

మేం అమెరికాలో ఉంటున్నాం. మా మాస్టారికి ఏదైనా చేయాలని ఉంది.

డబ్బు పంపే ముందు రెండు పేజీలు రాసి పంపండి, ఆయన క్లాసులో జరిగిన ఒక్క సంగతి. సభలో చదివితే ఆయన ముఖం వీడియో కాల్‌లో మీరూ చూడొచ్చు. డబ్బుతో బడికి ఏదైనా చేద్దామనుకుంటే హెడ్మాస్టారితో, స్కూల్ కమిటీతో మాట్లాడి బడి పేరునే చేయండి.

ఎంచుకున్నాక ఆయన మీద ఏదో కేసుందని తెలిస్తే?

తేలేదాకా వాయిదా వేయండి. ఊళ్ళో ప్రకటించేముందే వారి ఆఫీసులో క్రమశిక్షణా చర్యలేమైనా ఉన్నాయేమో అడగండి. ఈర్ష్యతో పెట్టిన ఆకాశరామన్న ఉత్తరాలు కూడా ఉంటాయి, వాటిని బట్టి పేరు కొట్టేయకండి.

సన్మానమయ్యాక చేయాల్సిందేమైనా ఉందా?

పింఛను కాగితం, అంటే పీపీఓ వచ్చిందో లేదో కనుక్కోండి. నాకు తెలిసిన ఒకాయన ఘనంగా వీడ్కోలు తీసుకుని, ఆ తర్వాత ఎనిమిది నెలలు మెమెంటో చూసుకుంటూ అప్పు చేసి బతికాడు. కమిటీ తరఫున ఒక కుర్రాణ్ణి ఆయనతోపాటు ట్రెజరీకి పంపండి. పత్రాన్ని లామినేట్ చేయించి ఒక కాపీ ఆయనకు, ఒకటి వారి ఆఫీసుకు, ఒకటి మీ గ్రంథాలయంలో పెట్టండి. మా లైబ్రరీలో ఆ ఫైలు కిటికీ పక్క బీరువాలో, రెండో అరలో ఉంటుంది. తాళంచెవి అడిగితే ఇస్తారు.